ఆరు ముక్కల కుర్చీ.. మా నాన్న కొట్టు

రాజమండ్రి నుంచి బస్సులో వస్తుంటే జొన్నాడ దాటగానే గౌతమి మీద బ్రిడ్జి. అది దిగితే రావులపాలెం. కోనసీమకి గుమ్మం లాంటి ఊరు మాది. అరటి గెలల లారీలు, హైవే హారన్లు, అమలాపురం బస్సు కోసం పరుగెత్తే జనం.. ఆ సందడి మధ్యలో మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది మా ఫర్నిచర్ షాపు. తాతయ్య 1974లో పెట్టాడు. ముందు రెండు గదుల షాపు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో ముగ్గురు వడ్రంగులు. నేను పుట్టి పెరిగింది ఆ చెక్క పొట్టు వాసనలోనే.

మొన్న సంక్రాంతికి వారం ముందు నాన్న ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను.

"ఏమ్మా, పండక్కి ఎప్పుడొస్తున్నావ్? వచ్చాక ఓ మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పు నాన్నా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. "షాపు అద్దెకి అడుగుతున్నారు. సెల్‌ఫోన్ షోరూమ్ పెడతారంట. నెలకి 60 వేలంటున్నారు. ఇచ్చేద్దామనుకుంటున్నానమ్మా."

నేనేమీ అనలేకపోయాను. ఏమనాలి? సీజన్ కాని నెలల్లో షాపు మీద అంత మిగలట్లేదని నాకూ తెలుసు.

పండక్కి వెళ్లాను. షాపులో అడుగుపెట్టగానే అలవాటు కొద్దీ గల్లాపెట్టె వెనకున్న కుర్చీలో కూర్చోబోయాను. "అందులో కూర్చోకు, కాలు ఊగుతోంది" అన్నాడు నాన్న. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ కుర్చీ కథే. అది మొదలైంది మన దగ్గర కాదు, జర్మనీలో.

గల్లాపెట్టె వెనక కుర్చీ

షాపులో అమ్మకానికి లేని వస్తువు అదొక్కటే. రాజమండ్రిలో మూతపడిన ఓ కాఫీ హోటల్ సామాను వేలం వేస్తుంటే తాతయ్య కొనుక్కొచ్చాడట. చూడ్డానికి సన్నగా ఉంటుంది. మా షాపులోని టేకు కుర్చీలతో పోలిస్తే ఎముకలు తప్ప కండ లేదనిపిస్తుంది. వెనక కాళ్లు కింద నుంచి అలా పైకి వెళ్లి, వంపు తిరిగి, మళ్లీ కిందికి దిగుతాయి. అంతా ఒకటే కర్ర! వీపు దగ్గర లోపల ఇంకో వంపు. కూర్చునే చోటు గుండ్రం. ఒకప్పుడు అక్కడ కేన్ అల్లిక ఉండేది. అది చిరిగిపోతే ప్లైవుడ్ ముక్క కొట్టేశారు.

ఇలాంటి కుర్చీని మీరూ చూసే ఉంటారు. హైదరాబాద్, ముంబై పాత ఇరానీ కేఫ్‌ల ఫొటోలు ఇన్‌స్టాలో వెతకండి. చాయ్, ఉస్మానియా బిస్కెట్, పాలరాతి టేబుల్.. దాని పక్కన వంపులు తిరిగిన చెక్క కుర్చీ. అదే.

చిన్నప్పుడు తాతయ్యని అడిగాను, "ఇంత లావు కర్రని ఇలా ఎలా వంచారు?" అని. "అదేగా గమ్మత్తు. చెక్కింది కాదమ్మా, వంచింది" అన్నాడు. అంతకుమించి ఆయనకీ తెలీదు. ఈసారి పండగ సెలవుల్లో ఫోన్ పట్టుకుని నేనే వెతకడం మొదలుపెట్టాను.

అప్పులపాలైన వడ్రంగి

ఆయన పేరు మైకేల్ థోనెట్. 1796లో జర్మనీలో, రైన్ నది ఒడ్డున బొప్పార్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నది ఒడ్డు, చిన్న ఊరు.. మనకి తెలిసిన సీనే. తండ్రిది తోళ్లు ఊనే వృత్తి. కొడుకు మాత్రం వడ్రంగం నేర్చుకుని 1819లో సొంత కొట్టు పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో కుర్చీకి వంపు కావాలంటే లావుపాటి దుంగ తీసుకుని, అక్కర్లేనిదంతా ఉలితో చెక్కి పారేయాలి. చెక్క సగం పొట్టయిపోతుంది. పైగా వంపు దగ్గర పోగు తెగుతుంది కాబట్టి అక్కడే విరుగుతుంది. థోనెట్‌కి ఒక ఆలోచన వచ్చింది. చెక్కడం ఎందుకు, వంచితే పోదా? 1830లలో పల్చటి చెక్క బద్దల్ని కట్టలుగా కట్టి, జిగురులో ఉడకబెట్టి, అచ్చుల్లో వంచి కుర్చీలు చేశాడు. తేలిగ్గా, అందంగా వచ్చాయి.

ఆ పద్ధతిని ఎవరూ కాపీ కొట్టకుండా హక్కులు సంపాదించాలని వేర్వేరు దేశాల్లో ప్రయత్నాలు చేశాడు. అవి కలిసి రాలేదు, అప్పులు మాత్రం మిగిలాయి. 1841లో కోబ్లెంజ్ ఎగ్జిబిషన్‌లో ఆయన కుర్చీలు ఒకాయన కంట్లో పడ్డాయి. ఆస్ట్రియా సామ్రాజ్యంలో చక్రం తిప్పే మంత్రి మెటర్నిక్. వియన్నా వచ్చేయమని ఆయన పిలిచాడు. ఇక్కడ బొప్పార్డ్‌లో చూస్తే అప్పులవాళ్లు ఆస్తుల్ని జప్తు చేశారు. 1842లో, 46 ఏళ్ల వయసులో, పెళ్లాం పిల్లలతో కొత్త దేశానికి వలసపోయాడు థోనెట్.

మా నాన్న వయసు ఇప్పుడు 58. "ఈ వయసులో కొత్తగా ఏం మొదలెడతాం" అంటుంటాడు. 46 కూడా ఆ కాలానికి తక్కువ వయసేం కాదు. కాకపోతే థోనెట్‌కి వేరే దారి లేదు.

వియన్నాలో మొదట ఇంకొకరి కింద పనే. లీచ్‌టెన్‌స్టెయిన్ రాజవంశీకుల మహల్లో నేల మీద చెక్క పలకలు పరవడం, కుర్చీలు చేయడం. కొడుకులూ తండ్రితో పాటే పనికి వెళ్లేవారు. 1849లో సొంతంగా కార్ఖానా పెట్టుకున్నాడు. సరిగ్గా అదే సమయంలో మన ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్నాడు (1847-52). ఇక్కడ గోదారికి అడ్డుకట్ట పడుతుంటే, అక్కడ ఒక ముసలి వడ్రంగి కర్రని వంచడంలో మునిగిపోయాడన్నమాట.

తర్వాత వియన్నాలోని కేఫ్ డౌమ్ అనే కాఫీ హోటల్ నుంచి కుర్చీల ఆర్డరొచ్చింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో కంచు పతకం వచ్చింది. రాజుల మహల్ కంటే కాఫీ హోటలే ఆ కుటుంబానికి అసలు దారి చూపించింది. రాజుగారు ఒక్కసారి కొంటారు. హోటళ్లు ఊరూరా పుడుతూనే ఉంటాయి.

బోర్డు మీద 'బ్రదర్స్'

1853లో థోనెట్ వ్యాపారాన్ని కొడుకులకి రాసిచ్చేశాడు. ఫ్రాంజ్, మైకేల్, ఆగస్ట్, జోసెఫ్, యాకోబ్.. అయిదుగురు. కంపెనీ పేరు 'గెబ్రూడర్ థోనెట్'. అంటే 'థోనెట్ బ్రదర్స్'. తండ్రి బతికే ఉన్నాడు, పనిలోనే ఉన్నాడు, కానీ బోర్డు మీద పేరు మాత్రం కొడుకులది.

ఈ ముక్క నాన్నకి చదివి వినిపించాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. కాసేపయ్యాక మెల్లగా అన్నాడు, "ఆయనకి అయిదుగురు కొడుకులమ్మా. మనకెవరున్నారు?"

మేమిద్దరం ఆడపిల్లలం. అక్కకి పెళ్లయి ఏడేళ్లు. తాతయ్య కొట్టు మీద 'అండ్ సన్స్' అని రాయించాడు. నాన్న, బాబాయ్ కోసం. బాబాయ్ ఎప్పుడో వాటా తీసుకుని చెరువుల వ్యాపారంలోకి వెళ్లిపోయాడు. బోర్డు మీద 'సన్స్' అలాగే ఉండిపోయింది.

ఆ మాటకి నేనేమీ అనలేదు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

చెరకు గడ లెక్క

మర్నాడు షెడ్డులోకి వెళ్లి మేస్త్రిగారిని అడిగాను. తాతయ్య కాలం నుంచీ ఉన్నాడాయన. "ఇంత కర్ర వంచితే విరగదాండీ?"

"చెరకు గడ మోకాలికి ఆనించి వంచండమ్మాయిగారూ, ఎక్కడ పగులుద్ది? బయటి వైపే కదండీ. లోపలి వైపు నలుగుద్ది, బయటి వైపు సాగుద్ది. కర్ర నలుగుడు తట్టుకుంటది గానీ సాగుడు తట్టుకోదండి."

మేస్త్రిగారు ఒక్క ముక్కలో చెప్పిన ఈ సమస్యే థోనెట్‌కీ ఎదురైంది. జిగురు కుర్చీలు యూరప్‌లో బాగానే ఉండేవి. ఓడలెక్కి వేడి, తేమ ఎక్కువుండే దేశాలకి వెళ్తే మాత్రం జిగురు వదిలేసేది. మన కోనసీమ వానాకాలం సంగతి తెలుసుగా, బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. ఎక్కడైనా నిలబడాలంటే జిగురు లేని కుర్చీ కావాలి. అంటే బద్దల కట్ట కాదు, ఒకే నిండు కర్రని వంచాలి.

దానికాయన చేసిన ఉపాయం ఇది. బీచ్ అనే చెట్టు కర్రని గుండ్రటి కడ్డీల్లా కోసి, ఆవిరిలో ఉడికించాలి. మెత్తబడ్డాక బయటి వైపు ఒక పల్చటి ఇనుప పట్టీని రెండు చివర్లా గట్టిగా బిగించాలి. అప్పుడు వంచాలి. పట్టీ సాగనివ్వదు కాబట్టి కర్ర బయటి వైపు పగలదు, లోపలి వైపు మాత్రమే నలుగుతుంది. వంచిన కర్రని ఇనుప అచ్చులో బిగించి, వేడి గదిలో ఆరబెట్టాలి. ఆరాక అచ్చులోంచి తీస్తే ఇక ఆ వంపు అలాగే ఉండిపోతుంది.

ఇది మేస్త్రిగారికి వివరించాను. ఆయన కాసేపు ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. "మేం వెదురుని సెగ చూపించి వంచుతాం. కర్రకి పట్టీ కట్టాలని మాకెవరికీ తట్టలేదండి" అన్నాడు. ఆ గొంతులో అసూయ లేదు, మెచ్చుకోలే ఉంది.

1856లో నిండు కర్రని వంచే పద్ధతికి థోనెట్ కుటుంబానికి ప్రత్యేక హక్కు దొరికింది. 1857లో మొరేవియాలోని కొరిచానీ దగ్గర ఫ్యాక్టరీ పెట్టారు. ఇప్పుడది చెక్ రిపబ్లిక్‌లో ఉంది. ఎందుకక్కడ? చుట్టూ బీచ్ అడవులు, తక్కువ కూలికి పనివాళ్లు. వాళ్లలో చాలామందికి వడ్రంగం రాదు. అవసరం కూడా లేదు. ఒకడు కోస్తాడు, ఒకడు వంచుతాడు, ఒకడు నునుపు చేస్తాడు. కేన్ అల్లిక చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఇళ్ల దగ్గర చేసేవారు.

36 కుర్చీలు.. ఒక్క పెట్టె

1859లో వచ్చింది అసలు హీరో. కుర్చీ నంబర్ 14. మొత్తం ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. అంతే. విడదీసి సర్దితే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న ఒక్క పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. మా టాటా ఏస్‌లో బిగించిన డైనింగ్ కుర్చీలు డజను పెడితే ఇక గాలి కూడా దూరదు. తేడా అర్థమైందా?

పెట్టెలు రైలెక్కాయి, ఓడలెక్కాయి. చేరిన చోట స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా బిగించుకోవచ్చు. 1867లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం. 1930 నాటికి ఆ ఒక్క మోడలే దాదాపు 5 కోట్లు అమ్ముడైంది.

2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఐకియా తెరిచినప్పుడు జనం ఎలా ఎగబడ్డారో గుర్తుందా? అట్టపెట్టెలో ముక్కలు తెచ్చుకుని ఇంట్లో బిగించుకోవడం మనకి కొత్తగా అనిపించింది. ఆ ఐడియాకి థోనెట్ నూరేళ్ల ముందే బాట వేశాడు. ఇంకో విశేషం ఏంటంటే, 1943లో ఐకియాని మొదలుపెట్టిన ఇంగ్వర్ కంప్రాడ్ స్వీడన్‌లో పుట్టినా, ఆయన తండ్రి వైపు వాళ్లు జర్మనీ నుంచి అక్కడికి వలసవెళ్లినవాళ్లే.

జర్మన్ల చెయ్యి మన ఇళ్ల మీద కూడా పడింది. మా ఊళ్లో పాత ఇళ్ల పైకప్పు మీద ఎర్రటి పెంకులు చూసే ఉంటారు. బెంగుళూరు పెంకులంటాం. నిజానికి వాటి పుట్టిల్లు మంగుళూరు. 1865లో అక్కడ బాసెల్ మిషన్ తరఫున మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది గియోర్గ్ ప్లెబ్‌స్ట్ అనే జర్మన్. మన నెత్తి మీది పెంకు వెనకా, మనం కూర్చునే కుర్చీ వెనకా జర్మనీ వదిలొచ్చిన మనుషులే ఉన్నారు.

కాపీలు, యుద్ధాలు, విభజనలు

ఇంతవరకూ సక్సెస్ స్టోరీలా ఉంది కదా. నాన్నకి నచ్చింది మాత్రం తర్వాతి భాగమే.

1869లో ఆ ప్రత్యేక హక్కు గడువు తీరిపోయింది. వెంటనే పోటీ కంపెనీలు పుట్టుకొచ్చాయి. వియన్నాలోనే జాకబ్ అండ్ జోసెఫ్ కోన్ అనే సంస్థ అచ్చం ఇలాంటి కుర్చీలే చేసి గట్టి పోటీ ఇచ్చింది. థోనెట్లు తమ కుర్చీ అడుగున పేరు ముద్ర వేసి, కాగితం లేబుల్ అంటించేవారు. అయినా కాపీలు ఆగలేదు. "మన డిజైన్ పక్క కొట్టువాడు పట్టుకెళ్లినట్టే" అన్నాడు నాన్న.

1871లో పెద్దాయన పోయాడు. కొడుకులు, తర్వాత మనవలు నడిపారు. 1889లో జర్మనీలోని ఫ్రాంకెన్‌బర్గ్‌లో ఇంకో ఫ్యాక్టరీ పెట్టారు. అప్పటికది చాలావాటిలో ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియా సామ్రాజ్యమే ముక్కలైంది. 1920లలో కంపెనీ వేరే గ్రూపుతో కలవాల్సి వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో మార్సెల్ బ్రాయర్ లాంటి డిజైనర్ల స్టీలు గొట్టాల కుర్చీలు మొదలుపెట్టారు. కర్ర వంచినవాళ్లే ఇనుము వంచారన్నమాట. గవర్నమెంటు ఆఫీసుల్లో చూస్తుంటాం, స్టీలు గొట్టం ఫ్రేము, కేన్ అల్లిక.. ఆ జాతి కుర్చీలకి పెద్దన్నయ్యలు అవి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాంకెన్‌బర్గ్ ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. యుద్ధమయ్యాక తూర్పు యూరప్‌లోని ఫ్యాక్టరీలన్నీ అక్కడి ప్రభుత్వాలు తీసేసుకున్నాయి. మిగిలింది కూలిపోయిన ఒక్క ఫ్యాక్టరీ. థోనెట్ మునిమనవల తరం దాన్నే మళ్లీ కట్టింది. ఇప్పటికీ అక్కడ ఆ కుర్చీ చేస్తూనే ఉన్నారు, నంబర్ మారి 214 అయింది. చెక్ రిపబ్లిక్‌లో థోనెట్లు 1861లో పెట్టిన బిస్ట్రిట్సే ఫ్యాక్టరీ కూడా 'టాన్' పేరుతో ఇంకా నడుస్తోంది. అక్కడా అదే కుర్చీ.

ఇది వింటున్నప్పుడు నాన్న మొహం చూశాను. 1986 ఆగస్టు గోదావరి వరద గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు. షెడ్డులోకి నీళ్లొచ్చి, పాలిష్ అయిన మంచాలన్నీ ఉబ్బిపోయాయట. 1996 నవంబరు తుపాను గురించి కూడా. కోనసీమలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా పడిపోయిన రాత్రి అది. ఆ తర్వాత తాతయ్య పడిపోయిన మామిడి, పనస, వేప చెట్లు కొని, కోయించి, లాభం చూసుకోకుండా మంచాలు చేసి వాయిదాల మీద ఇచ్చాడు. "మంచం లేకపోతే జనం తడి నేల మీద పడుకుంటార్రా" అనేవాడట. ఆ మంచాలు కొన్ని ఇప్పటికీ లంక గ్రామాల్లో ఉన్నాయి. రెండుసార్లు మునిగిన కొట్టు ఇప్పుడు ఆన్‌లైన్ డిస్కౌంట్ల ముందు మునుగుతోంది.

లిఫ్టులో పట్టని సారె

మా వైపు ఫర్నిచర్ షాపు బతికేదే సారె మీద. పెళ్లయితే మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, సోఫా. అక్క పెళ్లికి నాన్న, మేస్త్రిగారు కలిసి నాలుగు నెలలు చేశారు. నిండు టేకు బీరువా, ఒక్క మేకు లేదు. లారీ మీద హైదరాబాద్ తీసుకెళ్తే అక్కావాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టలేదు. మెట్ల మలుపులో తిరగలేదు. అయిదో అంతస్తు. చివరికి బావగారు మొహమాటపడుతూనే వెనక్కి పంపించేశారు. ఆ బీరువా ఇప్పటికీ మా షాపులోనే ఉంది. నాన్న దాన్ని అమ్మడు, దాని గురించి మాట్లాడడు.

పండగ మర్నాడు, కనుమ రోజు, నాన్న స్క్రూడ్రైవర్ తీసుకుని తాతయ్య కుర్చీ ముందు కూర్చున్నాడు. ఊగుతున్న కాలు బిగిద్దామని. స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే తీశాడు. ప్లైవుడ్ ముక్క ఊడదీశాడు. నేల మీద పేర్చాడు. పెద్ద వంపు ఒకటి, చిన్న వంపు ఒకటి, సీటు చుట్టు, కింది చుట్టు, ముందు కాళ్లు రెండు. ఆరు.

"నిజంగానే ఆరే!" అన్నాడు చిన్నపిల్లాడిలా.

సీటు చుట్టు తిప్పి, లోపలి అంచు మీద ఫోన్ టార్చ్ వేసి చూశాను. లేబుల్ అంటించిన జాడ ఉంది, అక్షరాలు లేవు. ముద్ర మీద ఎవరో ఎప్పుడో వార్నిష్ కొట్టేశారు. థోనెట్లదే కావచ్చు, కాపీ కొట్టినవాళ్లదీ కావచ్చు. మేస్త్రిగారు వంగి చూసి, "ఎవరు చేస్తేనేమండీ, పని తెలిసినోడే చేశాడు" అన్నాడు.

నాన్న ఆ ఆరు ముక్కల వైపే చూస్తూ, తల తిప్పి అక్క బీరువా వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరి బుర్రలోనూ ఒకటే తిరుగుతోందని అప్పుడర్థమైంది.

"దాన్ని కూడా ఇలా విడిపోయేలా చేసుంటే.." అన్నాడు.

"ఇప్పుడు చేయొచ్చుగా నాన్నా. మన కస్టమర్ల పిల్లలందరూ ఉండేది హైదరాబాద్, బెంగళూరు ఫ్లాట్లలోనే కదా. నిండు టేకుతోనే చేద్దాం. కాకపోతే విప్పి, లిఫ్టులో పెట్టుకుని, మళ్లీ బిగించుకునేలా. ఎలా బిగించాలో వీడియో తీసి వాట్సాప్‌లో పంపిద్దాం."

"చెయ్యొచ్చు. ఎవరు చూసుకుంటారు?"

"నేను."

నాన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "నువ్వా? నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా."

"నువ్వూ అడగలేదు కదా నాన్నా."

చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. ఎదురుగా రోడ్డు మీద ఓ పెళ్లి సామాను లారీ వెళ్లింది, ఎక్కడో కొన్నది. ఎన్ని వేలమంది ఆడపిల్లలకి సారె కట్టి పంపిన కొట్టు ఇది! సొంత ఇంటి ఆడపిల్లకి కొట్టే ఇవ్వొచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాక్కూడా.

ఇప్పుడేమైందంటే..

సినిమాలోలాగా ఉద్యోగం మానేసి వచ్చేయలేదు. అంత ధైర్యం లేదు, ఇంటి లోన్ ఉంది. ముందు గదులు రెండింటిలో ఒకటి సెల్‌ఫోన్ షోరూమ్‌కి ఇచ్చేశాం. మొత్తం ఇస్తే 60 వేలు, సగానికి 28 వేలే ఒప్పుకున్నారు. రెండో గది, షెడ్డు మావే. ఏడాది గడువు పెట్టుకున్నాం. నెలకి పది రోజులు నేను రావులపాలెం నుంచే ఆఫీసు పని చేస్తున్నాను. సాయంత్రాలు షెడ్డులో.

మొదటి విప్పుకునే బీరువా మూడుసార్లు తప్పొచ్చింది. తలుపులు సరిగ్గా కూర్చోలేదు. వానాకాలం టేకు కూడా కాస్త ఉబ్బుతుంది, ఆ సందు వదలడం తెలియాలి. నాలుగోసారి కుదిరింది. అది అక్కకే పంపించాం. ఎనిమిది ముక్కలుగా వెళ్లింది. బావగారే బిగించుకున్నారు, వీడియో చూసుకుంటూ. ఆ రాత్రి అక్క వీడియో కాల్ చేసి బీరువా చూపించింది. నాన్న కళ్లద్దాలు తుడుచుకునే నెపంతో పక్క గదిలోకి వెళ్లిపోయాడు.

ఏడాది తర్వాత ఏమవుతుందో తెలీదు. లెక్కలు ఇంకా టైట్‌గానే ఉన్నాయి. థోనెట్ కథ విన్నంత మాత్రాన మా కొట్టుకి 5 కోట్ల కుర్చీలు అమ్ముడుపోవు. ఆ కథలో నాకు దొరికింది వేరే. ఊరు మారినా, తరం మారినా, చివరికి చెక్క పోయి స్టీలు వచ్చినా, వాళ్లు అమ్మింది ఒక్కటే. మనిషి కూర్చోవడానికి ఓ చోటు. దాన్ని ఆ కాలం మనిషి గుమ్మంలో పట్టేలా చేశారంతే.

తాతయ్య కుర్చీకి మళ్లీ కేన్ అల్లించాం. పాత స్క్రూలు తీసేసి కొత్తవి వేశాం. కాలు ఇప్పుడు ఊగట్లేదు. మీ ఇంట్లో అటక మీదో, పెరటి పాకలోనో ఇలాంటి వంపుల కుర్చీ ఉంటే పాత సామాను వాడికి వేసేయకండి. ఒక్కసారి తిరగేసి, సీటు చుట్టు లోపలి అంచు మీద టార్చ్ వేసి చూడండి. పేరు కనిపించినా కనిపించకపోయినా, స్క్రూలు మాత్రం విప్పి లెక్కపెట్టండి.

అన్నట్టు, బోర్డుకి రంగు వెలిసిపోయిందని నాన్న మొన్న పెయింటర్‌ని పిలిపించాడు. 'అండ్ సన్స్' దగ్గరికొచ్చేసరికి పెయింటర్ అడిగాడు, "ఇదే రాయమంటారా అండీ?"

నాన్న నా వైపు చూశాడు. "ఆ ముక్క ఆపవయ్యా. ఏడాది పోయాక రాద్దాం" అన్నాడు.

ప్రస్తుతానికి అక్కడ ఖాళీ వదిలాం.